బంకులో ‘నో స్టాక్’ బోర్డు ఉంటే తప్పెవరిది?

మీ ప్రశ్న సూటిగానే ఉంది తమ్ముడూ. మిర్యాలగూడ పక్కన హార్వెస్టర్ నడుపుతున్నారు. వరి కోతలు జోరు మీదున్నప్పుడు రెండు రోజులు డీజిల్ దొరకలేదు, మిషన్ గట్టు మీదే నిలబడిపోయింది. బంకాయనను అడిగితే కంపెనీ లోడ్ ఇవ్వట్లేదన్నాడు. కంపెనీ వాళ్లేమో స్టాక్‌కు ఢోకా లేదన్నారు. టీవీ పెడితే ఒకాయన యుద్ధం అంటాడు, ఇంకొకాయన కేంద్రం అంటాడు, మరొకాయన రాష్ట్రం వేసే వ్యాట్ అంటాడు. దేశంలో ఆయిల్ కొరత వస్తే అసలు ఎవర్ని అనాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నది మీ ప్రశ్న.

నల్గొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద మాకు బంకు ఉంది. నాన్న మొదలుపెట్టారు, ఆయన తర్వాత నేను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. కాబట్టి నా మాటల్లో డీలర్ల వైపు కొంచెం మొగ్గు ఉంటుంది. అది తీసేసుకొని చదవండి.

ముందు రెండు సంగతులు విడదీసుకోవాలి. ఆయిల్ పిరం కావడం వేరు, ఆయిల్ దొరక్కపోవడం వేరు. టీవీ చర్చల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు, అందుకే గంట విన్నా ఏమీ తేలదు. గల్ఫ్‌లో గొడవ అయితేనో, ఆయిల్ అమ్మే దేశాల కూటమి ఒపెక్ ఉత్పత్తి తగ్గిస్తేనో క్రూడ్ (ముడి చమురు) రేటు పెరుగుతుంది. అది మన చేతిలో లేదు. కానీ డబ్బు పెట్టేవాడు ఉంటే పిరమైన సరుకు కూడా వస్తూనే ఉంటుంది. సముద్రంలో దారే మూసుకుపోతే అది ఇంకో సంగతి, దాని గురించి కింద చెప్తా. మామూలుగా మాత్రం ఒక బంకు ఎండిపోయిందంటే, దారిలో ఎక్కడో ఒకచోట ‘ఈ లీటరు అమ్మితే నాకు నష్టం’ అన్న లెక్క తేలిందన్నమాట. ఆ నష్టం నాది కాదంటే నాది కాదని అందరూ చేతులెత్తేశారన్నమాట. నా ఉద్దేశంలో తప్పులో పెద్ద వాటా ధరను బిగబట్టి, ఆ బిల్లు ఎవరు కడతారో చెప్పని వాళ్లది. అంటే ప్రభుత్వాలది. పార్టీ ఏదైనా సరే.

దీనికి మన కళ్ల ముందు జరిగిన రుజువు 2022. అప్పటి వరస గుర్తు చేస్తా.

2021 నవంబర్ 3న, దీపావళి ముందు రాత్రి, కేంద్రం పెట్రోల్ మీద 5 రూపాయలు, డీజిల్ మీద 10 రూపాయలు ఎక్సైజ్ (కేంద్రం వేసే పన్ను) తగ్గించింది. మంచిదే. ఆ తర్వాత 137 రోజులు ధర కదల్లేదు. రోజూ ధర మారాలన్న పద్ధతి 2017 జూన్ నుంచే ఉంది. అయినా మారలేదు. మధ్యలో ఉత్తరప్రదేశ్, పంజాబ్ సహా ఐదు రాష్ట్రాల ఎన్నికలు ఉన్నాయి, ఎందుకు మారలేదో వేరే చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి పోయింది. మార్చి మొదట్లో బ్యారెల్ ఒక దశలో 130 డాలర్లు దాటింది. ఎన్నికల ఫలితాలు వచ్చాక మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 వరకు 14 సార్లు పెంచి మొత్తం 10 రూపాయలు చేశారు. మళ్లీ ఆపేశారు. క్రూడ్ మాత్రం ఆగలేదు. జూన్ నాటికి డీజిల్ మీద లీటరుకు 20 రూపాయలకు పైనే నష్టమని చమురు కంపెనీల లెక్క.

ఇక్కడ పెట్రోల్ బంకుల వాళ్లకు తప్ప బయటివాళ్లకు పెద్దగా తెలియని ముచ్చట ఒకటుంది. బంకు ధర ఆపారు గానీ బల్క్ ధర ఆపలేదు. ఆర్టీసీ డిపోలు, ఫ్యాక్టరీలు, పెద్ద కాంట్రాక్టర్లు నేరుగా కంపెనీ నుంచి కొనుక్కునే డీజిల్ ఇది. మామూలు రోజుల్లో బంకు ధర కంటే కొంచెం తక్కువకే వస్తుంది. 2022 మార్చిలో అది ఒక్కసారిగా లీటరుకు సుమారు 25 రూపాయలు పెరిగింది. ఒకే డీజిల్, కంపెనీ వాళ్ల ఒకే ఆయిల్ డిపో నుంచి వచ్చేది, రెండు ధరలు. ఏమవుతుంది? బల్క్‌లో కొనేవాళ్లంతా బంకులకు వచ్చారు. ఆర్టీసీ బస్సులు కూడా బయటి బంకుల్లో లైన్ కట్టాయి. క్రషర్ల టిప్పర్లు, రోడ్డు పనుల జేసీబీలు, అన్నీ బంకు మీదే పడ్డాయి. రోజుకు నాలుగైదు వేల లీటర్లు పోయే బంకులో పొద్దున పోసిన లోడ్ రాత్రికి అడుగంటేది.

అదే టైంలో ప్రైవేటు కంపెనీల బంకులు చాలావరకు చేతులు ముడుచుకున్నాయి. వాళ్లకు నష్టం పూడ్చే సర్కారు లేదు కదా. కొందరు రేటు ఎక్కువ పెట్టారు, కొందరు సగం పూట అమ్మారు, కొందరు ఏకంగా మూసేశారు. ఆ గిరాకీ కూడా ప్రభుత్వ కంపెనీల బంకులకే వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో జూన్ మొదటి పక్షంలో అమ్మకాలు అంతకు ముందటేడు కంటే 50 శాతం దాకా పెరిగాయని పెట్రోలియం శాఖే చెప్పింది. దేశంలో ఆయిల్ సరిపడా ఉందని కూడా అదే ప్రకటనలో చెప్పింది. రెండూ నిజమే. ఆయిల్ ఉంది, బంకులో లేదు. రెండు రోజులు తిరగకుండానే జూన్ 17న, లైసెన్స్ ఉన్న ప్రతి బంకూ పని గంటల్లో సరుకు అమ్మి తీరాలని, ప్రైవేటు బంకులకు కూడా ఆ బాధ్యత అంటగడుతూ ఆర్డర్ ఇచ్చారు.

ఇప్పుడు డీలర్ దగ్గరికి రండి. మామూలుగా ఎట్లా నడుస్తుందంటే, పొద్దున్నే డిప్ రాడ్ ట్యాంకులో దింపి ఎంత స్టాక్ ఉందో చూస్తాం. రాడ్ చివరికి పేస్ట్ రాసి అడుగున నీళ్లు చేరాయేమో చూస్తాం. దాన్ని బట్టి ఇండెంట్, అంటే ఇంత సరుకు కావాలని కంపెనీకి ఆర్డరు, పెడతాం. డబ్బు కంపెనీ ఖాతాలో పడ్డాక చర్లపల్లి నుంచో ఘట్‌కేసర్ నుంచో ట్యాంకర్ లోడ్ అవుతుంది. బండి వచ్చాక డెన్సిటీ చూసి దింపుకుంటాం. ఇదంతా సాఫీగా నడిచేది ఎందుకంటే, నమ్మకం ఉన్న డీలర్‌కు కొన్ని రోజుల అప్పు నడిచేది. సరుకు అమ్మి కట్టేవాళ్లం. 2022లో ఆ అప్పు బందయింది. ముందు డబ్బు, తర్వాతే లోడ్. అప్పటి ధరకు 20 వేల లీటర్ల డీజిల్ లోడ్ అంటే దాదాపు 19 లక్షలు. హైవే మీద పెద్ద బంకు తట్టుకుంటుంది. దేవరకొండ లోపలి ఊళ్లోనో, కొల్లాపూర్ దిక్కునో ఉన్న చిన్న డీలర్ ఎక్కడ్నుంచి తెస్తాడు? ఆయన డబ్బంతా అప్పటికే రైతుల అరువు ఖాతాల్లో ఉంటుంది. మీలాంటి హార్వెస్టర్ల వాళ్ల ఖాతా కూడా కోతలయ్యాకే కదా తీరేది, ఏమనుకోకండి.

డబ్బు కట్టినా లోడ్ రాని రోజులున్నాయి. ఇండెంట్ పెడితే సిస్టంలో ‘పెండింగ్’ అని చూపిస్తుంది. సేల్స్ ఆఫీసర్ ఫోన్ ఎత్తడు. ఎత్తితే ‘రేపు చూద్దాం’ అంటాడు. లేదని ఎవరూ నోటితో అనరు, కాగితం మీద అసలే రాయరు. డిపో కూడా వరస పాటించకుండా, కావాల్సిన వాళ్లకు ముందు ఇచ్చుకుంటూ పోయేది. సిటీ ముందు, హైవే తర్వాత, ఆఖరికి మనం. కొరత అందరికీ ఒకే తీరుగా రాదు తమ్ముడూ. టీవీలో బంజారాహిల్స్ బంకు దగ్గర లైన్ చూపిస్తారు గానీ అమ్రాబాద్, మన్ననూర్ వైపు బంకు రెండు రోజులు తాడు కట్టుకొని మూసి ఉంటే కెమెరా పోదు.

అయితే కంపెనీలది తప్పా అంటే, సగమే. 2022 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు ప్రభుత్వ కంపెనీలు కలిపి 18 వేల కోట్లకు పైగా నష్టం చూపించాయి. రోజుకు ఇంత పోతుంటే ఏ మేనేజర్ అయినా అమ్మకం తగ్గించే దారే చూస్తాడు. కానీ లెక్క అక్కడితో ఆగలేదు. తర్వాత క్రూడ్ దిగివచ్చింది, రష్యా నుంచి డిస్కౌంట్ మీద వచ్చింది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు, 2023లో అది మూడో వంతు దాటింది. బంకు ధర మాత్రం దిగలేదు. 2023-24లో ఆ మూడు కంపెనీలే కలిపి దాదాపు 81 వేల కోట్ల లాభం చూపించాయి. అంటే 2022లో ధర బిగబట్టిన బిల్లును మనమే, మెల్లగా, మరుసటేడు కట్టాం. లోక్‌సభ ఎన్నికల ముందు, 2024 మార్చిలో 2 రూపాయలు తగ్గించారు. ఈ తేదీలు కాగితం మీద పక్కపక్కన రాసుకొని చూడండి.

ధర తగ్గించి ఇవ్వడమే తప్పని నేను అనట్లేదు. కూలోళ్లు, ఆటో వాళ్లు, చిన్న రైతులు బతకాలంటే ఒక్కోసారి సర్కారు అడ్డం నిలబడాల్సిందే. నేననేది ఒకటే. అడ్డం నిలబడితే బడ్జెట్‌లో పెట్టి, కంపెనీకి ఆ పైకం ముందే ఇచ్చి నిలబడాలి. లేదా తన పన్ను తగ్గించుకొని నిలబడాలి. 2020లో కరోనా టైంలో క్రూడ్ పడిపోయినప్పుడు కేంద్రం పెట్రోల్ మీద 13 రూపాయలు, డీజిల్ మీద 16 రూపాయలు ఎక్సైజ్ పెంచుకుంది. మంచి రోజుల్లో పెంచుకున్నది చెడ్డ రోజుల్లో వదులుకోవడానికి ఉండాలి కదా. కొంత వదిలారు, 2022 మేలో ఇంకోసారి తగ్గించారు, కాదనను. కానీ చాలినంత కాదు. అంతకు ముందు ప్రభుత్వం వేరే తీరులో చేసింది. 2005 నుంచి 2010 వరకు కంపెనీలకు డబ్బుకు బదులు ఆయిల్ బాండ్లు ఇచ్చింది. కాగితం ఇప్పుడు, పైసలు పదిహేనేళ్లకు. ఒకరు బిల్లును వచ్చే తరం మీదికి తోశారు, ఇంకొకరు కంపెనీ పుస్తకంలో దాచారు. ఇద్దరూ ఓటరుకు మాత్రం చూపించలేదు.

రాష్ట్రం సంగతి. తెలంగాణలో పెట్రోల్ మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్. 2021 నవంబర్‌లో చాలా రాష్ట్రాలు తగ్గించినా మన దగ్గర తగ్గించలేదు. కృష్ణా వంతెన దాటితే కర్ణాటకలో డీజిల్ తక్కువ. నారాయణపేట, మక్తల్ వైపు లారీ వాళ్లు అటు పోయినప్పుడల్లా ట్యాంకు నింపుకొని వస్తారు. దీనివల్ల మన సరిహద్దు డీలర్‌కు గిరాకీ పోతుంది, మీ జేబుకు చిల్లు పడుతుంది. అంతే గానీ కొరత రాదు. కాబట్టి ‘వ్యాట్ వల్లే డీజిల్ దొరకట్లేదు’ అనేవాళ్లు చెప్పేది వినకండి. తిట్టాలంటే పిరమైనందుకు తిట్టండి.

రెండు ధరల పెంట మనకు కొత్త కాదు. నా వయసు వాళ్లకు రేషన్ షాపు గాసునూనె గుర్తుండాలి. తెల్లారకముందే డబ్బాలు వరసగా పెట్టి, తమ వంతు గుర్తుకు రాయి పెట్టుకునేవాళ్లు. రేషన్ కిరసనాయిలు డీజిల్ కంటే బాగా చవక. అందుకని ట్యాంకర్ డీలర్ దగ్గరికి వచ్చేలోపే కొంత లారీల్లోకి పోయేది, డీజిల్‌లో కలిసేది. కలపకుండా ఉండాలని రేషన్ నూనెలో నీలం రంగు కలిపారు. ఆ రంగును పోగొట్టే దారులు కూడా కనిపెట్టారు మనవాళ్లు, తెలివికేం తక్కువ! చివరికి లాంతరులో పోసుకునే ముసలమ్మకు ‘ఈ నెల కోటా అయిపోయింది’ అన్న జవాబు. అప్పుడూ దేశంలో నూనె ఉంది. షాపులో లేదు.

ఇక శ్రీలంక. 2022లో అక్కడ జరిగింది చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మనమూ వాళ్లూ ఒకే ఏడాది, ఒకే క్రూడ్ రేటుకు కొన్నాం. వాళ్ల దగ్గర బంకుల ముందు రోజుల తరబడి లైన్లు. మే నెలలో వాళ్ల ఇంధన మంత్రి పార్లమెంటులోనే చెప్పారు, పెట్రోల్ ఓడ మార్చి నెలాఖరు నుంచి తమ జలాల్లోనే నిలబడి ఉందని, కట్టడానికి డాలర్లు లేవని. ఓడ కళ్ల ముందే ఉంది, దింపుకోలేరు! జూన్ ఆఖర్లో రెండు వారాలు అత్యవసర సేవలకు తప్ప ఎవరికీ అమ్మొద్దని ఆపేశారు. తర్వాత క్యూఆర్ కోడ్ పెట్టి వారానికి ఇన్ని లీటర్లని కోటా ఇచ్చారు. కారణాలు వెతికితే యుద్ధం చివర్లో వస్తుంది. 2019 చివర్లో ఎన్నికల మాట నిలబెట్టుకోవడానికి వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోశారు. ఈస్టర్ బాంబు దాడులు, కరోనా కలిసి టూరిజాన్ని చంపేశాయి. 2021లో రసాయన ఎరువులను రాత్రికి రాత్రి నిషేధించి పంట పోగొట్టుకున్నారు. డాలర్లు అయిపోయాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. ఆయిల్ కొనడానికి మన దేశమే 50 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది.

మనకూ ఆ గండం ఒకసారి వచ్చింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డాక క్రూడ్ రేటు ఎగిరింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. 1991 జనవరి నాటికి దేశం దగ్గర 120 కోట్ల డాలర్లే మిగిలాయి, కొన్ని వారాల దిగుమతులకు కూడా బొటాబొటి. చంద్రశేఖర్ ప్రభుత్వం మొదలుపెట్టింది, పి.వి. నరసింహారావు వచ్చాక జూలైలో మరో 47 టన్నుల బంగారం విదేశాలకు పంపి అప్పు తెచ్చారు. అప్పుడు సద్దాంను తిట్టినవాళ్లే ఎక్కువ. కానీ ఖజానా అంత ఖాళీగా ఎందుకుందన్న ప్రశ్నకు సద్దాం జవాబు కాదు కదా.

‘మన భూమిలోనే ఆయిల్ ఉంది, తియ్యట్లేదు’ అని కూడా మీ ప్రశ్న కింద ఎవరో అన్నారు. కొంత నిజం, చాలా అత్యాశ. బాంబే హై 1974లో దొరికింది. 1984-85లో మన దేశం తీసిన క్రూడ్ సుమారు 2 కోట్ల 90 లక్షల టన్నులు. అప్పట్లో మన అవసరంలో మూడింట రెండు వంతుల పైనే అదే తీర్చేది. 2011-12లో 3 కోట్ల 80 లక్షల టన్నుల దాకా పోయింది. 2023-24లో మళ్లీ 2 కోట్ల 90 లక్షల దగ్గరికే వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత అదే అంకె! వాడకం మాత్రం అప్పుడు 4 కోట్ల టన్నుల లోపు, ఇప్పుడు 23 కోట్ల టన్నులు. పాత బావులు ముసలివయ్యాయి, కొత్తవి అంత పెద్దవి దొరకలేదు. పక్కనున్న కృష్ణా–గోదావరి బేసిన్ మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నామో మీకూ గుర్తుండాలి. అక్కడి డీ6 అనే బ్లాకులో గ్యాస్ 2009లో మొదలై రెండేళ్లకే దిగడం మొదలుపెట్టింది. దిగుమతుల మీద ఆధారపడటాన్ని 77 శాతం నుంచి 2022 కల్లా 67కు తెస్తామని 2015లో ప్రధాని చెప్పారు. అది 85 దాటింది. ఇందులో ఒక్క ప్రభుత్వాన్నే అనలేం. భూమి ఇవ్వంది ఎవరూ ఇవ్వలేరు. కానీ టార్గెట్ పెట్టినవాళ్లు, అది ఎందుకు తప్పిందో చెప్పాలి కదా, ఆ మాటే మళ్లీ ఎత్తరు.

ఇథనాల్ గురించి ఒక్క ముక్క. దిగుమతి తగ్గించడానికి పెట్రోల్‌లో 20 శాతం కలుపుతున్నారు, మిర్యాలగూడ మిల్లుల నూకలకు కూడా దాంతో గిరాకీ వచ్చింది. డీజిల్ కొరతకు దాంతో సంబంధం లేదు. ఇథనాల్ ఫ్యాక్టరీ మా ఊరి నీళ్లు పాడుచేస్తోందని నారాయణపేట జిల్లా చిత్తనూరు వాళ్లు 2023లో రోడ్డెక్కారు. దేశం దిగుమతి బిల్లు తగ్గిస్తాం అనేవాళ్లు అక్కడి జనంతో కూడా కూర్చొని మాట్లాడాలి.

దారే మూసుకుపోతే ఏమిటన్న సంగతి చెప్తానన్నాను. అప్పుడు దిక్కు నిల్వలే. మన వ్యూహాత్మక నిల్వలు విశాఖ, మంగళూరు, పాదూరుల్లో భూమి లోపల రాతిని తొలిచి కట్టిన గుహల్లో ఉన్నాయి. మొత్తం 53 లక్షల టన్నుల చిల్లర. అవి నిండా ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజులకు వస్తాయి. కంపెనీల ట్యాంకుల్లో, పైపుల్లో, ఓడల్లో ఉన్నది కలిపితే రెండు నెలల పైచిలుకు లెక్క చెప్తారు. కానీ కంపెనీ స్టాక్ అంటే రోజూ తిరిగే సరుకు, మా బంకు డెడ్ స్టాక్ లాగా అందులో కొంత అసలు బయటికి తియ్యలేరు. 2020లో క్రూడ్ నేలకు పడినప్పుడు బ్యారెల్ సగటున 19 డాలర్లకు కొని ఈ గుహలు నింపారు. అది మెచ్చుకోవాల్సిన పని, సుమారు 5 వేల కోట్లు మిగిలాయి. అయితే ఒడిశాలోని చండీఖోల్‌లో, పాదూరులో ఇంకో 65 లక్షల టన్నులకు 2021 జూలైలో ఆమోదం ఇచ్చాక ఆ పని నత్తనడక నడిచింది. నిజంగా సముద్రం మూసుకుపోయి కొరత వస్తే, నేను వేలు చూపించేది ఆ దేశాల వైపు కాదు, ఈ ఫైలు వైపు.

జనం వంతు ఏమీ లేదా? ఉంది. 2024 జనవరి 2 గుర్తుందా? కొత్త చట్టంలో హిట్ అండ్ రన్‌కు పదేళ్ల జైలు అన్నారని డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ట్యాంకర్లు కూడా ఆగాయని వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది. మధ్యాహ్నానికల్లా హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటరు లైన్లు. చంచల్‌గూడలో డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి పార్సిల్ ఇచ్చిన వీడియో దేశమంతా చూసింది. సాయంత్రానికి ఆ సెగ మా దాకా వచ్చింది. వంద రూపాయలు పోయించుకొనే బైకులు ఫుల్ ట్యాంక్ అడిగాయి. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు తెచ్చారు, ఒకాయన పాల క్యాన్ కడిగి తెచ్చాడు. క్యాన్‌లో పెట్రోల్ పోయమంటే మా పిల్లలతో కొట్లాట. నాజిల్ దగ్గర నిలబడి చూస్తే ఒక్కటే అనిపించింది, వీళ్లలో సగం మంది ట్యాంకులో అప్పటికే రెండు రోజులకు సరిపడా ఉంది. ఆ రాత్రే ఢిల్లీలో చర్చలు జరిగి సమ్మె ఆగింది. అంటే నిండా రెండు రోజులు కూడా ఆగని సమ్మెకు బంకులు ఎండిపోయాయి. ఈ కొరత అచ్చంగా భయంతో వచ్చింది. అయినా జనాన్ని పూర్తిగా తప్పు పట్టలేను. డిపోలో ఎంత ఉంది, ఎన్ని బండ్లు బయల్దేరాయి అని కలెక్టరేట్ నుంచి గంటకోసారి ఒక ముక్క చెప్పి ఉంటే సగం లైను ఇంటికి పోయేది. ఎవరూ చెప్పనప్పుడు వాట్సాప్ చెప్పిందే నమ్ముతారు.

మా డీలర్ల తప్పు కూడా దాచను. ధర పక్షానికోసారి మారే రోజుల్లో, రేపు పెరుగుతుందని తెలిస్తే ఇవాళ సాయంత్రమే మోటార్ చెడిపోయిందని తాడు కట్టేసిన బంకులు ఉండేవి. రోజువారీ ధరలు వచ్చాక ఆ రోగం తగ్గింది. ఇప్పుడు దానికి ఉల్టా రోగం ఉంది. డ్యూటీ తగ్గుతుందని పుకారు వస్తే డీలర్ స్టాక్ తగ్గించుకుంటాడు. ఎందుకంటే రాత్రి తగ్గిస్తే ట్యాంకులో ఉన్న సరుకు మీద నష్టం పూర్తిగా డీలర్‌దే. డీజిల్ మీద 10 రూపాయలు తగ్గిన రాత్రి 15 వేల లీటర్ల స్టాక్ ఉన్నవాడికి లక్షన్నర పోయింది, వ్యాట్ తేడా కలిపితే ఇంకా ఎక్కువ. లీటరుకు మిగిలేది రెండు మూడు రూపాయలైనప్పుడు అది పూడటానికి నెలలు పడుతుంది. పండగ ముందు, ఎన్నికల ముందు పల్లె బంకులు సగం ట్యాంకుతో నడవడానికి ఇదో కారణం. మీ కోతలు అదే టైంలో పడితే మీ పని అంతే.

ఇక మీ కేసు. మీ బంకాయన నిజం చెప్తున్నాడో లేదో మీరే తేల్చుకోవచ్చు. మూడు సంగతులు అడగండి. డబ్బు ఏ రోజు కట్టావు, ఇండెంట్ ఏ రోజు పెట్టావు, లోడ్ డిపో నుంచి బయల్దేరిందా లేదా. కట్టిన డబ్బుకు రసీదు, ఇండెంట్‌కు నంబరు ఆయన ఫోన్‌లోనే ఉంటాయి. చూపించడానికి ఇబ్బంది పడితే డబ్బు కట్టలేదని అర్థం, తప్పు ఆయనది. డబ్బు కట్టి మూడు రోజులైనా బండి కదలకపోతే తప్పు కంపెనీది. బంకు గోడ మీద కంపెనీ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు రాసి ఉండాలి, అది రూలు. ఆయనకు ఫోన్ కాదు, మెసేజ్ పెట్టండి, తేదీతో సహా. కాపీ నల్గొండ జిల్లా పౌర సరఫరాల అధికారికి ఇవ్వండి. కేంద్రం ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా వెయ్యొచ్చు, దానికి నంబరు ఇస్తారు, జవాబు ఇవ్వక తప్పదు. ఊరికే టోల్ ఫ్రీకి ఫోన్ చేస్తే ‘మీ ప్రాంతంలో కొరత లేదు సార్’ అంటారు.

వచ్చే సీజన్‌కు ఇంకో మాట. మీ చుట్టుపక్కల హార్వెస్టర్ల వాళ్లంతా కలిసి రోజుకు ఎన్ని లీటర్లు కావాలో, ఎన్ని రోజులు కావాలో బంకుకు పది రోజుల ముందే రాసిచ్చి, కొంత అడ్వాన్స్ కట్టండి. ఆ కాగితం చూపించి డీలర్ ముందు లోడ్ పెట్టించుకుంటాడు, మా దగ్గర అట్లనే చేస్తున్నాం. మీరే డీజిల్ నిల్వ పెట్టుకోవాలంటే పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఒకచోట 2,500 లీటర్ల వరకు ఉంచుకోవచ్చు, ఏ డ్రమ్మూ వెయ్యి లీటర్లు దాటకూడదు. అది డీజిల్‌కు మాత్రమే, పెట్రోల్‌కు కాదు. డ్రమ్ములు ఇనుపవి తీసుకోండి, ఇంట్లో కాకుండా షెడ్డులో పెట్టండి. కరెంటు మోటార్ స్టార్టర్‌కు దూరంగా.